నాలుగో రీలులోని నది

"మేడం, ఖుష్ ఖబర్! రీలు దొరికింది."

గంగాప్రసాద్ ఫోన్ చేసేసరికి పెనం మీది పెసరట్టు చిరగకుండా లేచింది. పెళ్లయి దోహాలోని అల్ మన్సూరా ఫ్లాట్‌లో కాపురం పెట్టాక నేను వేసిన అట్లలో గుండ్రంగా నిలిచిన మొదటిది ఇదే. అట్లకాడతో ఎత్తి మా ఆయన చైతన్యకు చూపించాను. అతను చప్పట్లు కొట్టబోయి, నా చెవి దగ్గర ఫోన్ చూసి ఆగిపోయాడు.

"ఎక్కడ దొరికింది?"

"క్యాంప్‌ల. లోడింగ్ పోశన్న లేడా, ఆని మంచం కింద. మాల్ దొరికింది, చోర్ దొరికిండు, కేస్ ఖతం. జుమ్మా, సెలవు పూట ఇంట్ల ఉండున్రి మీరు. కొత్త పెండ్లి గదా."

"డబ్బా తెరిచారా?"

"సంచి కోసిన. డబ్బా మూత తియ్యలే."

"తీయకండి. ఎండ తగలనివ్వకండి. దగ్గర్లో ఎవరూ సిగరెట్ ముట్టించకుండా చూడండి. నేను వస్తున్నాను."

"దొరికినంక గూడ వచ్చుడేంది మేడం?"

"దొరికింది రీలు. ఎలా పోయిందో ఇంకా దొరకలేదు."

చైతన్య అట్టును మడిచి, అల్లప్పచ్చడితో సహా రేకు కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టాడు. కారులో తిన్నాను. పచ్చడి చున్నీ మీద పడింది. అయినా బాగుంది.

బీమా కంపెనీ తరఫున, పోయిన వస్తువుల సంగతి తేల్చడం నా ఉద్యోగం. ఈసారి పోయింది వందేళ్ల నాటి మూకీ సినిమాలో ఒక రీలు. సినిమా పేరు 'సుబేదారు నది'. మొదటి ప్రపంచ యుద్ధంలో టైగ్రిస్ ఒడ్డున పోరాడిన భారతీయ పటాలం గురించి ఇంగ్లిషువాళ్లు తీసిన చిత్రం. దాన్ని కేంద్రంగా పెట్టుకుని దోహాలో శనివారం, అంటే రేపే, ఒక ప్రదర్శన మొదలవుతోంది. పోస్టర్ల నిండా తలపాగాతో హరిదత్ అనే నటుడి ముఖం. దాని కింద 'యుద్ధచిత్రంలో మన తొలి నాయకుడు' అన్న మాట.

ఆ కాలపు యుద్ధచిత్రాల్లో భారతీయ సైనికుడు రెండు రకాలుగా కనిపిస్తాడు. ముందు వరుసలో ముఖానికి రంగు పూసుకున్న తెల్ల నటుడు. వెనక వరుసలో పేరు లేని అసలు మనుషులు. హరిదత్ ఒక్కడూ ఆ లెక్క తప్పించాడని, అతను నిజంగా భారతీయుడేనని చెప్పింది సత్యనారాయణమూర్తిగారు. పాత ఫిల్ములను బాగుచేసే నిపుణుడు, కాకినాడ మనిషి. ఆయన మాట మీదే ఈ ప్రదర్శన నిలబడింది. మిగతా రీళ్లన్నిటినీ కంప్యూటర్‌లోకి ఎక్కించారు. నాలుగోది మాత్రం ఎక్కకుండానే, బుధవారం తనిఖీ చేసేసరికి, మెసైమీర్ గోదాములోని చల్లగది నుంచి మాయమైంది.

*

ఏషియన్ టౌన్ వెనక ఉన్న కూలీల క్యాంప్‌లో సెక్యూరిటీ గది. ప్లాస్టిక్ కుర్చీలో పోశన్న కూర్చుని ఉన్నాడు. యాభైకి దగ్గర వయసు, ఇస్త్రీ చొక్కా. ప్రయాణానికని కొత్తగా క్షవరం చేయించుకున్నట్టుంది, చెవుల వెనక చర్మం తెల్లగా మెరుస్తోంది.

తలుపుకు అడ్డంగా గంగాప్రసాద్ నిలబడ్డాడు. ప్రదర్శన నడిపే సంస్థ భద్రత అంతా అతని చేతిలో ఉంది. మెట్‌పల్లి నుంచి కూలీగా వచ్చి, వాకీటాకీ దాకా ఎదిగినవాడు.

"పోశన్నగారూ, నా పేరు ధాత్రి."

"గారు గీరు ఎందుకు మేడం? దొంగ అంటున్నరు గదా, గట్లనే పిలువున్రి."

"ఎవరన్నారు?"

అతను గంగాప్రసాద్ వైపు చూడకుండా గడ్డంతో చూపించాడు.

"ఆ డబ్బా మీ దగ్గరికి ఎలా వచ్చింది?"

"నాకెర్కలేదు."

"మీ కార్టన్‌లో ఉందట."

"నా కార్టన్ల పదిమంది సామాన్ ఉంటది. లీవ్ మీద పోతున్న. మనుమరాలు పుట్టింది. మూడేండ్లాయె ఇంటికి పోక. ఎవరన్న పోతున్నరంటే తలా ఒక మూట ఇస్తరు. నేను గట్లనే ఇచ్చిన, వాళ్లు మోసిన్రు. ఇప్పుడు నేను మోస్తున్న."

"డబ్బా మూట ఎవరిచ్చారు?"

"చెప్ప."

"తెలియదా, చెప్పరా?"

"చెప్ప, మేడం."

గంగాప్రసాద్ ఒక్క అడుగు ముందుకు వేశాడు. "చెప్పవురా? నీ అయ్య జాగీరా? జైల్ల పడ్తవ్. బాలవ్వ ఈడికొచ్చి విడిపిస్తదా నిన్ను?"

"నా ఇంటిదాని పేరు తియ్యకు గంగన్నా," అన్నాడు పోశన్న. గొంతు పెంచలేదు. "ఇయ్యాల ఒకరి పేరు చెప్తే, రేపు నా చేతికి ఎవడన్న మూట ఇస్తడా? నా మూట ఎవడన్న మోస్తడా?"

అతను అబద్ధం ఆడటం లేదు, నోరు కట్టేసుకున్నాడు. మూట ఎవరిదో చెప్పకపోవడం ఇక్కడి పద్ధతి. ఆ పద్ధతికి అడ్డురాని ప్రశ్న ఒకటి వేయాలనిపించింది.

"మూట విప్పొద్దన్నారా?"

"ఎవరిదైనా విప్పం."

"తడి తగలనీయొద్దన్నారా?"

పోశన్న మొదటిసారి తలెత్తి నా ముఖంలోకి చూశాడు. "గది మీకెట్ల ఎర్కైంది?"

లేచి అతని గదికి నడిచాను.

*

గదిలో రెండంతస్తుల ఇనుప మంచాలు నాలుగు. కిటికీ పక్క మంచం పోశన్నది. దాని కింద, తాడుతో బిగించి ఉండాల్సిన కార్టన్ ఇప్పుడు బోర్లా తిప్పి ఉంది. సామాను దుప్పటి మీద పరిచారు. పాలపొడి, సబ్బులు, సెంటు సీసాలు, గులాబీ రంగు గౌను. ఒక్కో మూట మీదా నల్ల మార్కర్‌తో ఊరూ పేరూ రాసి ఉన్నాయి. 'భూమవ్వ, మోర్తాడ్'. 'లింగన్న బిడ్డ, కమ్మర్‌పల్లి'. గౌను మీద పేరు లేదు, అది పోశన్న సొంతం.

మరొకదాని మీద కూడా పేరు లేదు. అది రీలు డబ్బా ఉన్న సంచి.

ఊరికి మూట పంపే అలవాటున్నవాడు పేరు రాయకుండా ఇవ్వడు. హైదరాబాద్ ఎయిర్‌పోర్టు బయట అందుకునే మనిషి ఏ మూట ఎవరిదో చూసుకునేది ఆ రాత బట్టే. ఇది ఇచ్చినవాడు ఈ గదుల మనిషి కాడు. ఎప్పుడూ కొరియర్‌లో పంపుకునే మనిషి.

సంచి దగ్గరికి వంగాను. ఒక సంచిలో ఇంకో సంచి, రెంటినీ వేడితో అతికించారు. గంగాప్రసాద్ చాకు రెంటినీ ఒక పక్క నుంచి చీల్చింది కానీ అతుకులు అలాగే ఉన్నాయి. రెండు సంచుల మధ్య అగ్గిపెట్టె అంత అట్టముక్క ఉంది. దాని మీది చుక్కలు నీలంగా ఉన్నాయి. గాలిలో చెమ్మ ఉంటే అవి గులాబీ రంగుకు తిరుగుతాయి. చల్లగదిలోంచి ఫిల్ము బయటికి తీస్తే చన్నీళ్ల గ్లాసుకు పట్టినట్టు దానికి చెమ్మ పడుతుంది, బొమ్మ చెడుతుంది. అందుకే ఈ రెండు సంచుల పద్ధతి.

అతుకు మీద వేలు పెట్టి చివరిదాకా లాగాను. ఒకచోట వేలు పట్టేంత ఖాళీ. యంత్రం అక్కడ అతికించలేదు. ఆ మూలను రెండు మడతలు పెట్టి టేపు వేశారు. లోపలి సంచికీ అదే చోట ఖాళీ, అవే మడతలు.

"ఏం చూస్తున్నరు అంత సేపు? ప్లాస్టిక్ సంచేగా," అన్నాడు గంగాప్రసాద్.

"అమ్ముకుందామని దొంగిలించినవాడు చెమ్మ సంగతి ఆలోచిస్తాడా?"

"ఆడు అదే గోదాముల పనిచేస్తడు. చూసి నేర్చుకుంటడు."

"లోడింగ్ వాళ్లు చల్లగది గుమ్మం దాటకూడదని రూలు పెట్టింది మీరే. అతికించే యంత్రం లోపల ఉంది."

అంతలో నా చూపు మంచం తలవైపుకు వెళ్లింది. అక్కడ గోడకు ఆనించి చుట్టతీగ కరెంటు పొయ్యి ఉంది, దాని మీద అన్నం గిన్నె. నిషేధించిన పొయ్యి. ప్రతి గదిలోనూ ఉంటుంది.

"గంగాప్రసాద్‌గారూ, ఆ డబ్బాలో ఉన్నది నైట్రేట్ ఫిల్ము. అంటుకుంటే నీళ్లు పోసినా ఆరదు. నీళ్లలో కూడా మండుతుంది. ఈ పొయ్యికి మూరెడు దూరంలో ఉంది. రేపు విమానం ఎక్కేది."

అతను వంగి పొయ్యి ప్లగ్గు పీకేశాడు. మాట మాత్రం తగ్గలేదు.

"అయితే తప్పు ఇంకింత పెద్దదైంది. మేడం, మీరు పొద్దున్నే పెసరట్లు తిని ఏసీ కారుల వచ్చిన్రు." నా చున్నీ మీది పచ్చడి అప్పుడు గుర్తొచ్చింది. "నా సంగతి వినున్రి. మా దిక్కోడు దొరికితే పైవాళ్లు ఫస్ట్ నన్నే చూస్తరు. నీవోడే గదా, నువ్వే వదిలేసినవా అంటరు. నేను కూలీగ వచ్చిన. ఈ కుర్చీ ఎట్ల వచ్చిందో నాకే ఎరుక. పోశన్న కోసం దీన్ని ఇడువ."

"వదలమనలేదు. సాయంత్రం దాకా ఆగమంటున్నాను."

"పైవాళ్లు ఆగుతరో లేదో నాకెర్కలేదు. యల్లా, తీస్కపోన్రి మీ డబ్బా."

కోసిన సంచులను చున్నీలో మడిచి చేతిసంచిలో పెట్టుకున్నాను. డబ్బాను అట్టపెట్టెలో పెట్టి, దుప్పటి చుట్టిన మరో పెట్టెలో ఉంచి, కారు ఏసీ పూర్తిగా పెంచి మెసైమీర్ బయల్దేరాను. చైతన్య మెసేజ్ పెట్టాడు: 'అట్టు ఎలా ఉంది?' 'నీ వల్ల పచ్చడి సాక్ష్యంగా మిగిలింది' అని జవాబిచ్చి నవ్వుకున్నాను.

*

చల్లగది ముందు గదిలో మూర్తిగారు మెడకు మఫ్లర్ చుట్టుకుని ఎదురుచూస్తున్నారు. దోహా ఎండలో మఫ్లర్ కట్టే మనిషి ఆయనొక్కరే అని అందరూ నవ్వుతారు. ఆయన నన్నెప్పుడూ 'అమ్మా' అనే పిలుస్తారు. పెళ్లికి గోదావరి బొమ్మ వేయించిన పళ్లెం ఇచ్చారు. ఆయనంటే నాకిష్టం. అది పక్కన పెట్టి చూడటం కష్టంగానే ఉంది.

నేను పెట్టె తెరవగానే ఆయన కళ్లు డబ్బా మీదికి పోలేదు. ముందు నా చేతిలోని చెమ్మ అట్టముక్కను చూశాయి.

"నీలంగానే ఉందే," అని ఊపిరి వదిలారు. తరువాత డబ్బా అందుకున్నారు.

"లోపల చూడాలి మూర్తిగారూ."

"ఇవాళొద్దమ్మా. వేడిలో తిరిగొచ్చింది. ఇప్పుడు మూత తీస్తే జిగురెక్కిపోతుంది. చల్లగదిలో పెట్టి, సోమవారం నెమ్మదిగా చూద్దాం. ప్రదర్శనకు ఇది లేకపోయినా నష్టం లేదు. 'ఈ భాగం దొరకలేదు' అని ఒక పలక వేస్తాం. పాత సినిమాలకు మామూలే."

"సరే. మరి ఇది కోసిన సంచి. కొత్తది వేస్తారా?"

"వేస్తానమ్మా, దానికేం."

అతికించే యంత్రం దగ్గరికి వెళ్లారు. సంచిలో డబ్బా, ఆపైన అట్టముక్క. యంత్రం పళ్లు మూసుకుని తెరుచుకున్నాయి. ఆయన అలవాటుగా ఎడమ మూలను పట్టుకుని, చూడకుండానే రెండు మడతలు పెట్టి టేపు తెంపారు.

"అక్కడ ఎందుకు మడిచారు?"

"యంత్రంలో ఒక పన్ను చెడిందమ్మా. అక్కడ అతకదు. మార్చమని ఎన్నిసార్లు చెప్పినా మార్చరు."

చేతిసంచిలోంచి పాత సంచులు తీసి బల్ల మీద పరిచాను. పక్కనే కొత్తది పెట్టాను. మూడు సంచులకూ అదే చోట ఖాళీ. మూడింటికీ అవే రెండు మడతలు.

ఆయన చూశారు. మఫ్లర్ తీసి కుర్చీ మీద వేశారు.

"ఈ గది తాళం మీ దగ్గరా, మీ అసిస్టెంట్ రమీజా దగ్గరా మాత్రమే ఉంటుంది. రమీజా పది రోజులుగా హైదరాబాద్‌లో ఉంది," అన్నాను. "ఇప్పుడు మూత తీయండి మూర్తిగారూ."

ఈసారి ఆయన వద్దనలేదు. తొడుగులు వేసుకుని రీలును కాంతిబల్ల మీద పరిచారు. కింద చల్లని తెల్లటి దీపం, పైన భూతద్దం. ఫిల్మంతా నీలిరంగు. మూకీల్లో రాత్రి సన్నివేశాలను పగలే తీసి, తరువాత నీలిరంగులో ముంచేవారని ఆయనే నాకోసారి చెప్పారు.

నది. గాయపడ్డ తెల్ల కెప్టెన్‌ను భుజాన వేసుకుని సుబేదారు హరిదత్ నడుములోతు నీళ్లలో నడుస్తున్నాడు. గొప్ప దృశ్యం. ఒక్కొక్క బొమ్మా జరుపుకుంటూ పోయాను. ఒడ్డు చేరి సుబేదారు కెప్టెన్‌ను దింపాడు. చొక్కా మీద నుంచి చెయ్యి తీశాడు.

కెప్టెన్ తెల్ల చొక్కా మీద అయిదు వేళ్ల ముద్ర. నల్లగా, స్పష్టంగా.

తరువాతి బొమ్మలో సుబేదారు చెయ్యి. మోచేతి నుంచి మణికట్టు దాకా నలుపు, అక్కడి నుంచి వేళ్ల దాకా చారలు చారలుగా తెలుపు. నదిలో రంగు కరిగిపోయింది. హరిదత్ కూడా అందరిలాగే రంగు పూసుకున్న తెల్లవాడు.

ఫోన్‌తో ఆ బొమ్మను ఫొటో తీశాను.

"ఎప్పుడు తెలిసింది?"

"పోస్టర్లు వేశాక," అన్నారు మూర్తిగారు. "డబ్బా అంతకు ముందే తెరిచి ఉంటే నోరు మూసుకునేవాణ్ణి. ముప్పై ఏళ్లమ్మా. ఎక్కడ ఏ యుద్ధచిత్రం చూసినా మనవాడి వేషంలో ఇంకొకడు. చచ్చేది మనవాళ్లు, చచ్చినట్టు నటించేది వాళ్లు. ఒక్కడైనా ముందు నిలబడ్డాడని ఎంత వెతికానో నీకు తెలీదు. దొరికాడనుకున్నాను. ఆ ఒక్కడూ పోతే మనవాళ్లెవరున్నారు చెప్పు, ఆ తెర మీద?"

"మరి కోసి పారేయలేదేం?"

"ఫిల్మును కోస్తానా నేను!" ఆయన గొంతులో నిజమైన కోపం. "హైదరాబాద్‌లో మా చెల్లెలి ఇంట్లో భద్రంగా ఉంటుందనుకున్నాను. పోశన్న విప్పడు, అడిగినా చెప్పడు. అంత నమ్మకం."

"నమ్మకమే. ఇప్పటికీ మీ పేరు చెప్పలేదు. జైలంటున్నా చెప్పలేదు."

ఆయన కళ్లు దించుకున్నారు.

"రీలుకు చెమ్మ తగలకూడదని రెండు సంచులు వేశారు. ఆ గదిలో ఎంతమంది పడుకుంటారో అడిగారా?"

"నలుగురో... అయిదుగురో..."

"ఎనిమిది మంది. మంచం తలదగ్గర కరెంటు పొయ్యి. నైట్రేట్ గురించి నాకు చెప్పింది మీరే."

ఆయన కుర్చీ వెతుక్కుని కూర్చున్నారు. నేను మళ్లీ భూతద్దం మీద వంగాను. ఈసారి సుబేదారును వదిలి అతని వెనక చూశాను. మెడలోతు నీళ్లలో తుపాకులు తల మీద పెట్టుకుని సైనికులు నడుస్తున్నారు. నీళ్లు వాళ్ల ముఖాల మీంచి కారుతున్నాయి. వాళ్ల రంగు కరగలేదు. ఒకడు తుమ్ము ఆపుకోలేక ముఖం చిట్లించాడు. పక్కవాడు నవ్వుతున్నాడు.

"మనవాళ్లెవరున్నారని అడిగారు. రండి, చూడండి."

ఆయన లేవలేదు. "వాళ్ల పేర్లు ఎక్కడా లేవమ్మా. పేర్లు లేనివాళ్లను పోస్టర్ మీద ఎలా వేస్తారు?" మఫ్లర్ చేతిలోకి తీసుకుని, "ఒక్క రోజు ఆగు," అన్నారు. "రేపు ప్రారంభం కానీ. ప్రపంచంలో ఎక్కడెక్కడి నుంచో వస్తున్నారు. ఎల్లుండి నేనే వెళ్లి అంతా ఒప్పుకుంటాను. నా మాట నమ్ము. పోశన్నకు ఒక్క రోజులో ఏం కాదు."

నమ్మాలనే ఉంది. ఆయన అబద్ధమాడే మనిషిలా కనిపించలేదు. ఒక్క రోజేగా.

అప్పుడే ఫోన్ మోగింది. గంగాప్రసాద్. స్పీకర్ నొక్కి కాంతిబల్ల మీద పెట్టాను.

"మేడం, పైవాళ్ల ఫైసలా వచ్చింది. పోలీస్ వద్దట. పేపర్ల పడితే ప్రదర్శన పేరు ఖరాబైతదట. పోశన్నకు లీవ్ క్యాన్సల్, ఫైనల్ ఎగ్జిట్, వీసా ఖతం. రేపు మధ్యాహ్నం ఫ్లైట్. దొంగ అని రాసి పంపుతరు. మళ్ల ఖతర్ల అడుగు పెట్టుడు మాఫీ, ఇగ లేనట్టే. నేనే దింపి రావాలె." అతని గొంతు పొద్దుటంత గట్టిగా లేదు. "ఆడు ఏం అంటలేడు మేడం. ఆ గౌను ఒక్కటి ఇయ్యుమంటున్నడు."

మూర్తిగారు నా వైపు చూశారు. ఆయన అడిగిన ఒక్క రోజు ఎవరిదో ఇద్దరికీ అర్థమైంది.

"గంగాప్రసాద్‌గారూ, పోశన్నగారు దొంగ కాదు. రుజువు నా ముందు బల్ల మీద ఉంది. దొంగ కూడా నా ముందే కూర్చున్నారు."

"ఎవరు మేడం?"

మూర్తిగారు పెదవి విప్పలేదు. నేనూ ఆయన పేరు చెప్పలేదు.

"రేపు చెబుతాను, అందరి ముందూ. క్లెయిం మూసేదాకా ఈ రీలు మా కంపెనీ అధీనంలో ఉంటుంది. మూసేది నేను. రేపు పొద్దున ప్రదర్శన తలుపులు తీసే వేళకు ఈ కాంతిబల్ల గుమ్మంలో ఉంటుంది, దాని మీద ఈ నది ఉంటుంది. మీ పైవాళ్లు, రీలు సొంతదారు, వచ్చిన అతిథులు, ఒక్కొక్కరూ వంగి చూసి లోపలికి వెళ్తారు."

"స్కాన్ చేయకుండా బయట పెడితే..." అంటూ మూర్తిగారు సగంలో ఆగిపోయారు.

"మీరు పక్కన నిలబడి జాగ్రత్తగా చూపిస్తే ఏమీ కాదు. మీరు రాకపోతే నేనే చూపిస్తాను. నాకు మీ అంత చేతనవదు."

ఆయన లేచి ఫిల్ము అంచు సరిచేశారు. వస్తారో రారో ఆ ముఖంలో నాకు దొరకలేదు.

"మేడం," అన్నాడు గంగాప్రసాద్, "మరి పోశన్న?"

"ఎయిర్‌పోర్టుకు తర్వాత. ముందు హాలుకు తీసుకురండి. మీరే తీసుకురండి, చెయ్యి పట్టుకుని కాదు, పక్కన నడుస్తూ. రేపు ఆ భూతద్దంలోంచి మొదట చూసేది ఆయనే."